అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ పుట్టుక లాంటిది, ఇంటర్‌ఫేస్ ఇచ్చిన మాట లాంటిది



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. కంప్యూటర్స్ చదవని వాళ్ళు కూడా మధ్యలో వదిలెయ్యకండి. జావాతో మొదలుపెట్టినా దారి మన ఇళ్ళ మీదుగానే పోతుంది.

పోయిన ఆదివారం విజయవాడలో మనవాళ్ళుండే హాస్టల్ మేడ మీద మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకున్నాం. ఆరుగురు జూనియర్లు వచ్చారు. చింతూరు వైపు నుంచి ఒక కోయ తమ్ముడు, ఎ.కొండూరు తండాల నుంచి ఇద్దరు, నాగాయలంక నుంచి ఒక యానాది చెల్లి, సిటీలోనే పుట్టి పెరిగిన ఎరుకల కుర్రాళ్ళు ఇద్దరు. ఆరుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న వేశాం. అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకీ ఇంటర్‌ఫేస్‌కీ తేడా ఏంటి?

ఆరుగురూ చెప్పారు. అవే ఏడు పాయింట్లు, అదే వరస. మధ్యలో ఒక పాయింట్ మర్చిపోయిన తమ్ముడు కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి పాయింట్ నుంచి అందుకున్నాడు, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

అప్పుడు రెండో ప్రశ్న వేశాం. "సరే, రేపు నువ్వే ఒక ప్రోగ్రాం రాస్తున్నావ్. ఈ రెండిట్లో ఏది ఎప్పుడు వాడతావ్?" ఐదుగురు ఏమీ మాట్లాడలేదు. నాగాయలంక చెల్లి మాత్రం "అక్కా, అది నోట్స్‌లో లేదు" అంది.

అందరం నవ్వాం. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఈ పోస్టు రాస్తున్న మాలో ఇద్దరం మొదటి ఉద్యోగం పోగొట్టుకుంది సరిగ్గా ఈ రెండో ప్రశ్న దగ్గరే. టేబుల్ చెప్పాం, ఎదురుగా కూర్చున్నాయన తలూపాడు, "ఎందుకు రెండు పెట్టారు, ఒకటి చాలదా?" అన్నాడు. మేం నేల చూపులు చూశాం. ఇంటికి ఫోన్ చేసి "ఇంకో రౌండ్ ఉందంట" అని అబద్ధం చెప్పాం.

మన పిల్లలకి బుర్ర లేక కాదు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లిష్ పుస్తకంలో పడ్డాక, అర్థం కాని వాక్యాన్ని దాటే మార్గం ఒక్కటే కనపడుతుంది, బట్టీ పట్టడం. రెండు గళ్ళ టేబుల్ అయితే బట్టీకి మరీ సుఖం. "ముందు ఉద్యోగం రానివ్వండి, అర్థం తర్వాత చూసుకోవచ్చు" అని మన సీనియర్లే కొందరు అంటారు. వాళ్ళ మాట పూర్తిగా తీసిపారెయ్యలేం. యూనివర్సిటీ పరీక్షలో ఆ టేబుల్‌కే మార్కులు, అక్కడ రాయాల్సిందే. కానీ ఇంటర్వ్యూలో అది మొదటి నిమిషానికి తప్ప పనికిరాదు. అందుకని టేబుల్ పక్కన పెట్టి, మనకి తెలిసిన విషయంతో చెప్తాం. వినండి.

క్లాస్ అంటే అచ్చు. ఆబ్జెక్ట్ అంటే ఆ అచ్చులో పోసి తీసిన ఇటుక. ఇటుక బట్టీల్లో అమ్మానాన్నల పక్కన ఆడుకుంటూ పెరిగిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అచ్చు ఒకటి, ఇటుకలు లక్ష. ఇలా ప్రోగ్రాం రాయొచ్చని 1960ల్లో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు చూపించారు, వాళ్ళ భాష పేరు సిమ్యులా. ఒక క్లాసుని తల్లిగా పెట్టి దాన్నుంచి పిల్ల క్లాసులు తీయడం అనేది అప్పుడే వచ్చింది. తల్లి దగ్గర ఉన్నది పిల్లకి వస్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీ సర్టిఫికెట్ మీద షెడ్యూల్డ్ ట్రైబ్ అని ఉంటుంది. ఈ గ్రూపులో ఎవరైనా ఉత్త "ట్రైబ్"గా పుట్టారా? ఎవరూ పుట్టలేదు. కోయగా పుట్టాం, యానాదిగా పుట్టాం, ఎరుకలగా, లంబాడీగా, కొండరెడ్డిగా, సవరగా పుట్టాం. "గిరిజనుడు" అనేది ఉంది, అది అబద్ధం కాదు. దాని కింద మనందరికీ ఉమ్మడిగా ఉన్నవి చాలా ఉన్నాయి. హాస్టల్ సీటు ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం ఉంది. కానీ ఏ తెగా కాని ఉత్త గిరిజనుణ్ణి ఒక్కణ్ణి తెచ్చి చూపించమంటే ఎవరి వల్లా కాదు.

అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అంటే ఇదే. "దాన్నుంచి నేరుగా ఆబ్జెక్ట్ చేయలేం" అని మీరు బట్టీ పట్టిన మొదటి పాయింట్‌కి కారణం కూడా ఇదే. అది కంపైలర్ పెట్టిన అడ్డమైన రూల్ కాదు. ఆ అచ్చు పూర్తి కాలేదు. కొంత భాగం కావాలనే ఖాళీగా వదిలారు. ఆ ఖాళీని పిల్ల క్లాస్ నింపితేనే ఇటుక వస్తుంది.

ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ రాద్దాం, పేరు తెగ. (జావాలో కీవర్డ్స్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి గానీ క్లాస్ పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టినా తీసుకుంటుంది. నమ్మకపోతే ఈ రాత్రికే ప్రయత్నించండి.) అందులో పేరు, ఊరు అనే రెండు వేరియబుల్స్ పెడదాం. సర్టిఫికెట్ చూపించే మెథడ్ ఒకటి పూర్తిగా రాసి పెడదాం, అది ఎవరికైనా ఒకటే కాబట్టి. తర్వాత మాతృభాష అనే మెథడ్ పెడదాం. దీన్ని మాత్రం రాయం. పేరు ఒక్కటి రాసి, ముందు అబ్‌స్ట్రాక్ట్ అని పెట్టి, సెమీకోలన్ కొట్టి వదిలేస్తాం. ఇప్పుడు కోయ అనే క్లాస్ తెగని ఎక్స్‌టెండ్ చేస్తే మాతృభాష దగ్గర కోయ అని రాసుకోవాలి. ఎరుకల క్లాస్ కుర్రు భాష అని, లంబాడీ క్లాస్ గోర్ బోలి అని రాసుకోవాలి. యానాది క్లాస్ తెలుగు అని రాసుకుంటుంది. ఎవరైనా రాయకుండా వదిలేస్తే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. లేదంటే "నేనూ అబ్‌స్ట్రాక్టే" అని ఆ పిల్ల క్లాస్ ఒప్పుకోవాలి, అప్పుడు దానికీ ఆబ్జెక్ట్ రాదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. మాతృభాషని ఖాళీగా వదలకుండా, తల్లి క్లాసులోనే "తెలుగు" అని రాసేసి ఉంటే ఏమయ్యేది? ప్రోగ్రాం చక్కగా నడిచేది. ఎర్రర్ ఒక్కటి కూడా వచ్చేది కాదు. కోయ క్లాస్ రాసినవాడు మాతృభాష రాయడం మర్చిపోతే, ఆ క్లాసులోంచి వచ్చిన ప్రతి కోయ పిల్లా తన భాష తెలుగు అనే చెప్పేది. ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఇది ఊహ అనుకుంటున్నారా? చింతూరు తమ్ముణ్ణి అడగండి, ఒకటో తరగతిలో మొదటి రోజు పలక మీద ఏ భాష రాయించారో. ఎవరూ పనిగట్టుకుని అతని భాష తీసెయ్యలేదు. డిఫాల్ట్ ఒకటి ముందే రాసి పెట్టి ఉంది, అంతే.

అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ వల్ల లాభం ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే మా జవాబు ఇప్పుడు ఇదే. తల్లి దగ్గర సరైన జవాబు లేనప్పుడు తప్పుడు జవాబు పెట్టకుండా ఆపుతుంది. "నాకు తెలీదు, నువ్వే చెప్పు" అని పిల్ల క్లాసుని అడుగుతుంది, చెప్పేదాకా ముందుకు పోనివ్వదు. తప్పు రాత్రిపూట నడుస్తున్న ప్రోగ్రాంలో కాకుండా, పొద్దున రాసేటప్పుడే దొరుకుతుంది.

ఇప్పుడు ఇంటర్‌ఫేస్. దీనికి మనం రోజూ వాడే ఉదాహరణ ఉంది, దాని పేరులోనే ఆ మాట ఉంది. యూపీఐ. యూనిఫైడ్ పేమెంట్స్ ఇంటర్‌ఫేస్. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో తెచ్చింది. అది జావా ఇంటర్‌ఫేస్ కాదు, కానీ ఆలోచన అదే. బీసెంట్ రోడ్డులో చెప్పులు కొని స్కాన్ చేస్తాం. ఆ కొట్టాయనకి ఏ బ్యాంకులో ఖాతా ఉందో మనకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ బ్యాంకు లోపల కంప్యూటర్లు ఎలా పనిచేస్తాయో అంతకన్నా అక్కర్లేదు. "డబ్బు పంపమంటే ఇలా పంపుతా, తీసుకోమంటే ఇలా తీసుకుంటా, ఫెయిలైతే ఫెయిలైందని ఇలా చెప్తా" అని ప్రతి బ్యాంకూ ఒక మాట ఇచ్చింది. ఇంటర్‌ఫేస్ అంటే ఆ మాట. ఇంప్లిమెంట్స్ అంటే ఆ మాట నిలబెట్టుకుంటానని క్లాస్ పెట్టిన సంతకం.

మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు మన డెల్టాలో ఊరూరా ఉండేది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి, పాస్‌బుక్కులు మారాయి, లోపల ఎన్ని మారాయో లెక్కలేదు. కానీ చెప్పుల కొట్టులో స్కాన్ చేసి డబ్బు కట్టే మనం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. లోపలి క్లాస్ మారినా బయట ఇచ్చిన మాట మారలేదు కాబట్టి. ఇంటర్‌ఫేస్ ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా చాలు.

ఈ బ్యాంకుల మధ్య చుట్టరికం ఏమీ లేదు, అది గమనించండి. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి ప్రైవేటుది, ఇంకోటి సహకార బ్యాంకు. ఒక తల్లి పిల్లలు కాదు. అయినా ఒకే మాట మీద నిలబడ్డాయి. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ "నువ్వు ఎవరు?" అని అడుగుతుంది. ఇంటర్‌ఫేస్ "నువ్వు ఏం చేస్తానన్నావ్?" అని అడుగుతుంది. జావాలో ఒక క్లాస్ ఒక్క క్లాసునే ఎక్స్‌టెండ్ చేయగలదు, ఇంటర్‌ఫేస్‌లు ఎన్నైనా ఇంప్లిమెంట్ చేయగలదు. పుట్టుక ఒకటే, ఒప్పుకున్న పనులు ఎన్నైనా.

(అమ్మ ఎరుకల, నాన్న యానాది అయిన మిత్రులు ఈ గ్రూపులోనే ఉన్నారు. "మరి మా సంగతేంటి?" అంటారు, తెలుసు. జావా మీకు సర్టిఫికెట్ ఇవ్వదు. సీ ప్లస్ ప్లస్ ఇస్తుంది, అందులో ఇద్దరు తల్లి క్లాసులు పెట్టుకోవచ్చు. కానీ ఇద్దరి దగ్గరా ఒకే పేరుతో మెథడ్ ఉంటే ఎవరిది తీసుకోవాలో చెప్పమని అడుగుతుంది. ఈ తలనొప్పి వద్దనే జావా చేసినవాళ్ళు ఒక్క తల్లితో సరిపెట్టారు. ఎమ్మార్వో ఆఫీసు వాళ్ళు కూడా.)

ఇప్పుడు చెప్పబోయేది ఏ జావా పుస్తకంలోనూ ఉండదు.

ప్రోగ్రాం రాసేటప్పుడు అందరూ చేసే పెద్ద తప్పు ఒకటుంది. ఇంటర్‌ఫేస్‌లో పెట్టాల్సిన దాన్ని తల్లి క్లాసులో పెట్టేయడం. అంటే ఎవరో కొందరు చేసే పనిని, అందరికీ పుట్టుకతో వచ్చినట్టు రాసేయడం. నలుగురు పిల్లల్లో ఇద్దరు చేస్తున్నారు కదా, తల్లిలో పెట్టేస్తే తేలిక అనుకుంటారు. చెయ్యని ఇద్దరికీ అది అంటుకుంటుంది.

డెల్టాలో వరిపొలాల్లో ఎలకలు పట్టడానికి రైతులు యానాదుల్ని పిలుస్తారు. అది ఒక విద్య. బొరియ చూసి లోపల ఎలక ఉందో లేదో చెప్పడం, ఎటు పొగబెడితే ఎటు బయటికొస్తుందో తెలియడం, అందరివల్లా అయ్యే పని కాదు. ఇంటర్‌ఫేస్‌గా రాస్తే దానికి గౌరవం ఉంది. నేర్చుకున్నవాడు ఇంప్లిమెంట్ చేస్తాడు, ఏ కులం వాడైనా సరే. అదే పనిని యానాది అనే తల్లి క్లాసులో రాసి పెడితే? నాగాయలంక చెల్లి ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారం క్లాసులో ఒకడు ఆమెని ఏమని పిలిచాడో ఇక్కడ రాయం. ఆమె జన్మలో ఎలకని పట్టలేదు. చూస్తే కుర్చీ ఎక్కుతుంది.

ఇంతకన్నా ఘోరమైన డిజైన్ మన డెల్టాలోనే జరిగింది. బ్రిటిష్ వాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. మొదట ఉత్తరాదిలో పెట్టి, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఫలానా తెగ మొత్తం నేరస్థులు అని నోటిఫై చేయడం, పేర్లు రాసుకోవడం, వేలిముద్రలు తీసుకోవడం, హాజరు పిలవడం, ఊరు దాటాలంటే పాస్ అడగడం. ఎరుకల వాళ్ళని అలా నోటిఫై చేశారు. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. ఈ చరిత్ర మీద మీనా రాధాకృష్ణ గారు 2001లో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం తెచ్చారు, దొరికితే చదవండి.

ఆ చట్టాన్ని ప్రోగ్రాంలా చదివితే ఏముంది? దొంగతనం అనే మెథడ్‌ని ఎరుకల అనే తల్లి క్లాసులో రాశారు. ఎవరు చేశారు, ఎవరు చెయ్యలేదు అని చూడలేదు. నిన్న పుట్టిన పిల్లకి కూడా అది వారసత్వంగా వచ్చేసింది. జావాలో ఫైనల్ అనే కీవర్డ్ ఉంది కదా, మెథడ్ ముందు అది పెడితే పిల్ల క్లాస్ దాన్ని మార్చి రాసుకోవడానికి వీల్లేదు. ఆ చట్టం ఫైనల్ పెట్టింది. "మేం అలాంటి వాళ్ళం కాదు" అని ఓవర్‌రైడ్ చేసుకునే దారి లేకుండా చేసింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశం మొత్తం మీద 1952లో ఆ చట్టం రద్దయ్యింది. తర్వాత హాబిచువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి. ప్రోగ్రామర్ల భాషలో దీన్ని రీనేమ్ అంటారు. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి హేమలతా లవణం గారు, లవణం గారు 1970ల్లో స్టువర్టుపురం వెళ్ళి అక్కడి వాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేశారు. అయినా 1991లో ఒక సినిమా ఆ ఊరి పేరుతోనే వచ్చింది, 2023లో ఇంకో సినిమా ఆ ఊరి దొంగ కథతో వచ్చింది. ఆదివారం వచ్చిన ఎరుకల తమ్ముళ్ళలో ఒకడు అద్దెకి గది అడగడానికి వెళ్తే ఇంటాయన మొదట అడిగింది ఊరు పేరు.

ఇవన్నీ జావాలోకి ఎందుకు లాగుతున్నారు, మనుషులు క్లాసులా అని కొందరు అనొచ్చు. నిజమే, పోలిక ఎక్కడో ఒకచోట తెగుతుంది. మనిషి భాష మార్చుకుంటాడు, రెండు భాషలు మాట్లాడతాడు, క్లాస్ అలా కాదు. కానీ ఈ తేడా వేరేవాళ్ళకి ఐదు మార్కుల ప్రశ్న కావచ్చు. పుట్టుకనీ పనినీ కలిపేస్తే ఏమవుతుందో మన తాతలు అనుభవించారు. ఇంత బాగా అర్థం కావాల్సిన వాళ్ళమే బట్టీ పడుతున్నామే అన్నది మా బాధ.

సరే, కోడ్ దగ్గరికి వద్దాం. మన ఎ.కొండూరు తమ్ముళ్ళ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ హాస్టల్ హాజరు యాప్. వేలిముద్ర మిషన్‌తో హాజరు. మొదట రాసినప్పుడు ఆ మిషన్ పేరుతో ఉన్న క్లాసుని ఎక్కడ పడితే అక్కడ నేరుగా పిలిచారు. మెస్ లెక్కలో పిలిచారు, సెలవు చీటీలో పిలిచారు, నెలాఖరు రిపోర్టులో పిలిచారు. తర్వాత గైడ్ గారు "ఇప్పుడంతా ముఖం చూసి వేసుకునే హాజరే కదా, అది పెట్టండి" అన్నారు. మూడు రాత్రులు నిద్ర లేదు వాళ్ళకి. ఒకచోట మారిస్తే ఇంకోచోట విరిగింది.

ఆదివారం వాళ్ళతో కూర్చుని హాజరు అనే ఇంటర్‌ఫేస్ రాయించాం. అందులో ఒక్కటే మెథడ్, ఈ విద్యార్థి ఈ రోజు వచ్చాడా లేదా. వేలిముద్ర క్లాస్ దాన్ని ఇంప్లిమెంట్ చేస్తుంది, ముఖం క్లాస్ ఇంప్లిమెంట్ చేస్తుంది. కరెంటు పోయినప్పుడు వార్డెన్ రిజిస్టర్ చూసి కొట్టే క్లాస్ కూడా ఇంప్లిమెంట్ చేస్తుంది. మెస్ లెక్కకి ఈ మూడిట్లో ఏది అన్నది తెలియదు. అది "హాజరు" అన్న మాటనే నమ్ముకుని నడుస్తుంది. తమ్ముడు చూసి, "అంటే అన్నా, మిషన్ లేకపోయినా మా ప్రోగ్రాం టెస్ట్ చేసుకోవచ్చా? ఎప్పుడూ వచ్చాడనే చెప్పే దొంగ క్లాస్ ఒకటి రాసి?" అన్నాడు. చేసుకోవచ్చు. కంపెనీల్లో రోజూ చేసేది అదే. ఎవరూ చెప్పకుండా ఆ మాట అతని నోటి నుంచి వచ్చింది చూశారా, ఆ క్షణం కోసమే మేం ఆదివారాలు పాడుచేసుకుంటున్నాం.

అదే ప్రాజెక్టులో అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ కూడా పనికొచ్చింది. మూడు రకాల హాజరుకీ తేదీ, టైము రాసుకునే కోడ్ ఒకటే. దాన్ని మూడుసార్లు కాపీ కొట్టే బదులు, హాజరు ఇంటర్‌ఫేస్‌ని ఇంప్లిమెంట్ చేసే ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ పెట్టి, ఉమ్మడి కోడ్ అందులో రాశాం. మూడు క్లాసులూ దాని పిల్లలు. రెండూ కలిసి ఉండొచ్చని చాలామందికి తెలీదు. జావాలోనే చూడండి. లిస్ట్ అనేది ఇంటర్‌ఫేస్. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ అనే క్లాస్ దాన్ని సగం ఇంప్లిమెంట్ చేసి పెట్టింది. మనం రోజూ వాడే అరేలిస్ట్ ఆ అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ బిడ్డ. ఆ మూడూ ఒకసారి తెరిచి చదివితే టేబుల్ అక్కర్లేదు.

ఇక ఆ టేబుల్ సంగతి. హాస్టళ్ళలో తిరుగుతున్న జిరాక్స్ నోట్స్‌లో కొన్ని పాయింట్లు పాతబడ్డాయి, కొన్ని ఎప్పుడూ నిజం కాదు. ఇంటర్‌ఫేస్‌లో ఒట్టి పేర్లే ఉండాలి, మెథడ్ లోపల కోడ్ ఉండకూడదు అన్నది 2014 దాకా నిజం. ఆ ఏడాది వచ్చిన జావా 8లో డిఫాల్ట్ మెథడ్స్, స్టాటిక్ మెథడ్స్ వచ్చాయి. ఎందుకొచ్చాయో కూడా తెలుసుకోండి. పాత ఇంటర్‌ఫేస్‌లకి కొత్త మెథడ్ ఒకటి కలిపితే, దాన్ని ఇంప్లిమెంట్ చేసిన లోకంలోని క్లాసులన్నీ ఒక్క దెబ్బకి విరిగిపోతాయి. మాట ఇచ్చాక కొత్త షరతు పెట్టినట్టు. అందుకని "మీరు రాయకపోతే ఇది వాడుకోండి" అని ఒక డిఫాల్ట్ ఇచ్చారు. రెండు ఇంటర్‌ఫేస్‌లు ఒకే పేరుతో వేర్వేరు డిఫాల్ట్ ఇస్తే మాత్రం నువ్వే రాసుకో అని కంపైలర్ ఆపుతుంది. పైన మాతృభాష విషయంలో మేం భయపడ్డ డిఫాల్టే ఇది, అవును. ఎక్కడ పెడుతున్నాం అన్న దాన్నిబట్టి మంచో చెడో అవుతుంది.

అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకి కన్‌స్ట్రక్టర్ ఉండదు అని ముగ్గురు చెప్పారు. ఉంటుంది. పిల్ల పుట్టేటప్పుడు ముందు తల్లి కన్‌స్ట్రక్టరే నడుస్తుంది. కనీసం ఒక్క అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఉండాలి అన్నారు. అక్కర్లేదు, ఒక్కటీ లేకుండా కూడా అబ్‌స్ట్రాక్ట్ అని రాయొచ్చు. ఇక "అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ 0 నుంచి 100 శాతం, ఇంటర్‌ఫేస్ 100 శాతం అబ్‌స్ట్రాక్షన్" అన్న పాయింట్ ఆరుగురూ చెప్పారు. ఈ శాతాలు ఏ తూకంలో తూచారో చెప్పమంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. డిఫాల్ట్ మెథడ్ వచ్చాక ఆ నూరు శాతం మాటకి అర్థమే లేదు. దయచేసి ఇంటర్వ్యూలో అనకండి.

ఇప్పటికీ నిలిచి ఉన్న అసలు తేడా ఒకటుంది. ఇంటర్‌ఫేస్‌కి సొంత ఆస్తి ఉండదు. అందులో వేరియబుల్ పెడితే అది మారని స్థిరాంకం అయిపోతుంది, ఏ ఆబ్జెక్ట్‌కీ సొంతం కాదు. పేరు, ఊరు లాంటివి మోయాలంటే క్లాస్ కావాలి, అబ్‌స్ట్రాక్ట్ అయినా సరే. కాబట్టి పిల్లలందరికీ ఉమ్మడి సామాను, ఉమ్మడి కోడ్ ఇవ్వాల్సి వస్తే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళ చేత ఒకే పని చేయించాల్సి వస్తే ఇంటర్‌ఫేస్. తెలియనప్పుడు ఇంటర్‌ఫేస్‌తో మొదలుపెట్టండి అన్నది మా అభిప్రాయం. మాట ఇచ్చినవాడు ఇంకో మాట కూడా ఇవ్వగలడు. తల్లి స్థానం మాత్రం ఒక్కటే, ఒకసారి నింపేస్తే అయిపోయింది. మీలో ఎవరైనా దీంతో ఏకీభవించకపోతే కింద రాయండి, వాదించుకుందాం. ఐదేళ్ళుగా కంపెనీల్లో ఉన్న మన అన్నలు కొందరు అబ్‌స్ట్రాక్ట్ క్లాసే మేలంటారు, వాళ్ళ కారణాలు వినాలని మాకూ ఉంది.

ఇంటర్వ్యూలో టేబుల్ అడిగితే రెండు ముక్కలు చెప్పి ఆపండి. వెంటనే "మా ప్రాజెక్టులో ఇలా వచ్చింది" అని మీ సొంత ఉదాహరణలోకి వెళ్ళండి. ఇంగ్లిష్ తడబడినా పర్లేదు. సొంతంగా చేసింది చెప్తున్నప్పుడు తడబాటు ఎదుటివాడికి అంతగా కనపడదు, మాకు రెండోసారి ఉద్యోగం అలాగే వచ్చింది. తెగల ఉదాహరణ అక్కడ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మాలో ఒకరు చెప్పారు. ఎదురుగా ఉన్నావిడ పెన్ను కింద పెట్టి, కుర్రు భాషలో ఒక మాట చెప్పమని అడిగిందట.

వచ్చే ఆదివారం మళ్ళీ అదే మేడ మీద, పొద్దున పదింటికి. ప్రతి ఒక్కరూ తమ ప్రాజెక్టులోంచి ఒక క్లాస్ తేవాలి, కాగితం మీద రాసుకొచ్చినా చాలు. అందులో ఏది పుట్టుకో ఏది మాటో కూర్చుని విడదీద్దాం. లాప్‌టాప్ ఒక్కటే ఉంది, ఎవరైనా ఇంకోటి తెస్తే బాగుంటుంది. గుడివాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందు రోజు చెప్తే భోజనం లెక్క చూసుకుంటాం. నాగాయలంక చెల్లి ఎండు రొయ్యలు తెస్తానంది.